వరదలో దక్కిన కుక్కకు నిలకడైన ఇల్లు

2020 అక్టోబరు వరదలలో హైదరాబాదులో మనుషులతోపాటు మూగజీవాలూ నిలువ నీడ కోల్పోయాయి. దక్కిన కుక్కకు ముందుగా యజమాని కోసం విచారించాలి. ఎవరూ రాకపోతేనే కొత్త ఇల్లు చూడాలి.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి అద్దె ఇళ్ళలో ఇంటి యజమాని ఒప్పుకోకపోయినా, ఉద్యోగం మారినా కుక్క మళ్ళీ వీధిపాలవుతుంది. అందుచేత చివరివరకు సాకగలవారికే ఇవ్వాలి.

పాడి ఇళ్ళలో చోటు ఉంటుంది. అయితే జాగ్రత్తలు అవసరం. పశువైద్యునిచేత రేబిస్ టీకా వేయించి, నట్టల మందు తాగించాలి. పిచ్చికుక్క కాటు పశువులకూ ప్రాణాంతకమే. కుక్క మలం మేతలో, కుడితిలో కలిస్తే పశువులు ఈసుకుపోయే ప్రమాదముంది. మాయను కుక్కకు వేయక లోతుగా పాతిపెట్టాలి.

ఈ జాగ్రత్తలు పాటిస్తే కుక్కకు ఇల్లు, కొట్టానికి కాపలా రెండూ దొరుకుతాయి.