వచ్చిపోయిన తిమ్మిరి – మెడ ధమని చేసే హెచ్చరిక

ఫజ్ర్ నమాజు కొరకు వుజూ చేస్తున్న ఇంటిపెద్ద పుక్కిలించబోతే నీరు పెదవి మూల నుండి జారిపోతుంది. కుడిచేయి బరువెక్కి చెంబు పట్టు తప్పుతుంది. మాట ముద్దగా వస్తుంది. పది నిమిషాలలో అంతా సర్దుకుంటుంది. "అల్‌హమ్దులిల్లాహ్, తగ్గిపోయింది" అని మనం ఊపిరి పీల్చుకుంటాం. నిద్ర చాలలేదనో, పైత్యమనో సరిపెట్టుకుంటాం. అల్లాహ్‌కు కృతజ్ఞత తెలుపుకోవడం సముచితమే. కాని ఆ పది నిమిషాలను మరచిపోవడం మాత్రం ప్రమాదకరం.

దీనిని వైద్యులు తాత్కాలిక పక్షవాతం అంటారు. మెదడుకు వెళ్ళే రక్తం కొద్దిసేపు ఆగి, తిరిగి ప్రవహించిందని దీని అర్థం. ఒక కంటికి తెర దించినట్లు చూపు పోయి, మళ్ళీ రావడం కూడా ఇటువంటిదే. అసలైన పక్షవాతం వచ్చే ముప్పు తరువాతి రెండు రోజులలోనే అధికం. అందువల్ల లక్షణాలు తగ్గిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. తగ్గకుండా ఉంటే ఒక్క నిమిషమైనా ఆలస్యం చేయరాదు.

మరి వైద్యులు మెడకు స్కానింగ్ ఎందుకు చేయిస్తారు? మెడకు ఇరువైపులా నాడి కొట్టుకునే చోట కరోటిడ్ ధమనులు ఉంటాయి. ఒక్కొక్క ధమని దవడ దిగువన రెండు శాఖలుగా చీలుతుంది. ఒకటి మెదడుకు, మరొకటి ముఖానికి రక్తాన్ని చేరవేస్తాయి. ఆ చీలిక వద్ద ప్రవాహం సుడి తిరుగుతుంది గనుక అక్కడే కొవ్వు పూడిక పేరుకుంటుంది. అధిక రక్తపోటు, మధుమేహం, కొలెస్ట్రాల్, పొగాకు దానిని పెంచుతాయి. పూడికపై ఏర్పడిన రక్తపు గడ్డ ముక్క తెగి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఎడమ మెదడు కుడి అవయవాలను నడుపుతుంది. కనుక కుడిచేయి పడిపోతే వైద్యులు ముఖ్యంగా ఎడమవైపు ధమనిని పరిశీలిస్తారు.

గర్భిణులకు చేసే అల్ట్రాసౌండే ఇక్కడా ఉపయోగపడుతుంది. చెవికి వినిపించని ధ్వని తరంగాలు ధమని గోడలను తాకి తిరిగి వచ్చి చిత్రంగా రూపొందుతాయి. ఇందులో రేడియేషన్ లేదు, సూది లేదు. మెత్తని పూడిక నల్లగా, సున్నం చేరి గట్టిపడినది తెల్లగా కనిపిస్తుంది. మెత్తనిదే చిట్లే అవకాశం ఎక్కువ. కాలువ ఇరుకైన చోట నీరు వడిగా పారినట్లే, ధమని ఇరుకైన చోట రక్తం వేగం పుంజుకుంటుంది. డాప్లర్ విధానం ఆ వేగాన్ని కొలుస్తుంది. సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే సగం మేర, 230 దాటితే 70 శాతం పైగా ఇరుకైనట్లు సాధారణంగా భావిస్తారు. సందేహముంటే సీటీ లేదా ఎంఆర్ యాంజియోగ్రామ్ చేయిస్తారు.

ఈ పరీక్షకు అరగంట చాలు. మెడ వరకు మాత్రమే వస్త్రం తొలగించాలి. స్త్రీలు మహిళా సిబ్బందిని కోరవచ్చు. శరీరంలోకి ఏదీ వెళ్ళదు గనుక రోజాతో ఉన్నవారూ నిశ్చింతగా చేయించుకోవచ్చు.

సకాలంలో చేస్తే ఫలితం ఎంత? 1991లో వెలువడిన ఉత్తర అమెరికా అధ్యయనంలో, లక్షణాలు కనిపించి ధమని 70 శాతం పైగా ఇరుకైనవారిని పరిశీలించారు. మందులు మాత్రమే వాడినవారిలో రెండేళ్ళలో 26 శాతం మందికి అదేవైపు పక్షవాతం రాగా, శస్త్రచికిత్స పొందినవారిలో అది 9 శాతమే. రెండు వారాలలోపు చేస్తే మేలు అధికం. పూడిక తక్కువగా ఉన్నవారికి కొలెస్ట్రాల్, రక్తపోటు మందులు, రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలు, పొగాకు మానడమే చికిత్స.

అలాగని ఇంటిల్లిపాదీ స్కానింగ్‌కు పరుగెత్తనవసరం లేదు. ఏ లక్షణమూ లేని సామాన్యులకు ఈ పరీక్ష వద్దని అమెరికా వ్యాధి నివారణ నిపుణుల బృందం 2021లో మరోసారి తేల్చిచెప్పింది. లేని జబ్బు ఉన్నట్లు కనిపించి, అనవసరమైన శస్త్రచికిత్సకు దారితీయవచ్చు. ఆ శస్త్రచికిత్సే ఒక్కొక్కసారి పక్షవాతం తెచ్చిపెట్టవచ్చు.

మన దేహం అల్లాహ్ అప్పగించిన అమానతు. చికిత్స పొందమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. దువా చేద్దాం, దానితోపాటు ఆసుపత్రికీ బయలుదేరుదాం. వచ్చిపోయిన ఆ తిమ్మిరి అల్లాహ్ మనకు ప్రసాదించిన వ్యవధి. దానిని వృథా చేయకుండుటే నిజమైన కృతజ్ఞత.