విజ్ఞాన సర్వస్వంలో స్త్రీలకు చోటు

మానవుడు తాను తెలుసుకొన్నదానిని తరువాతి తరాలకు అందించాలని అనాదిగా ప్రయత్నిస్తూనే ఉన్నాడు. ఆ ప్రయత్నంలో పుట్టినదే విజ్ఞాన సర్వస్వం. అన్ని శాస్త్రాలకు, కళలకు, దేశాలకు సంబంధించిన విషయాలను ఒకచోట చేర్చి, కావలసినవారు సులభంగా వెదకి తీసుకొనేలా అమర్చిన గ్రంథమది. తెలుగులో ఇటువంటి బృహత్కార్యానికి పూనుకొన్న పండితుడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు. ఆయన 1923లో మరణించేనాటికి 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' మూడు సంపుటాలు మాత్రమే వెలువడ్డాయి. అవి అకారంతో మొదలయ్యే విషయాలకే సరిపోయాయి. ఒక మనిషి జీవితకాలం ఈ పనికి ఏమాత్రం చాలదని దీనివల్ల తెలుస్తుంది.

ఒక్కరివల్ల కాని పనిని లక్షలమంది కలిసి చేయవచ్చునని వికీపీడియా నిరూపించింది. ఇది 2001 జనవరి 15న ఇంగ్లీషులో ప్రారంభమైంది. 2003 డిసెంబరులో తెలుగులోనూ మొదలైంది. నేడు ఇంగ్లీషు వికీపీడియాలో 70 లక్షలకు పైగా, తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలు ఉన్నాయి. వీటిని వ్రాసేవారు జీతం తీసుకొనే పండితులు కారు. ఇంటర్నెట్ సౌకర్యం, తీరిక, ఆసక్తి ఉన్న సామాన్యులే. ఎవరైనా ఒక వ్యాసాన్ని మొదలుపెట్టవచ్చు. ఇతరులు వ్రాసినదానిలో తప్పు కనబడితే దిద్దవచ్చు. అయితే వ్రాసిన ప్రతి ముఖ్య విషయానికీ ఒక పుస్తకమో, పత్రికో ఆధారంగా చూపాలి. అభిప్రాయభేదం వస్తే చర్చించుకొని తేల్చుకోవాలి. తెలుగు వికీపీడియాలో అందరూ కూడి చర్చించుకొనే పుటకు 'రచ్చబండ' అని పేరు పెట్టారు.

ఈ పేరు చక్కగా కుదిరింది. కాని అది ఒక ప్రశ్నను కూడా లేవదీస్తుంది. ఊరి నడుమ చెట్టుక్రింద ఉండే రచ్చబండమీద స్త్రీలు కూర్చోరాదని శాసనమేదీ లేదు. అయినా పూర్వం అక్కడ కూర్చుని ఊరి విషయాలు మాట్లాడినవారు దాదాపు అందరూ పురుషులే. వికీపీడియాలోనూ ఇదే జరిగింది. 2008లో జరిపిన ఒక సర్వేలో పాల్గొన్న రచయితలలో స్త్రీలు 13 శాతం కూడా లేరు. సర్వేకు జవాబివ్వనివారిని దృష్టిలో ఉంచుకొని 2013లో పరిశోధకులు ఆ లెక్కను సవరించి చూశారు. అప్పుడు కూడా అది 16 శాతమే అయింది. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2015 నాటికి స్త్రీల సంఖ్యను 25 శాతానికి పెంచాలని సంకల్పించింది. ఆ గడువుకు ఆ సంకల్పం నెరవేరలేదు.

వ్రాసేవారిలో స్త్రీలు తక్కువైతే వచ్చే నష్టమేమిటి? ఎవరైనా తమకు తెలిసినదానిని, తమకు ముఖ్యమని తోచినదానిని వ్రాస్తారు. అందువల్ల వ్రాసేవారి లోకం ఎంత ఇరుకైతే గ్రంథం అంత ఇరుకవుతుంది. 2014 చివరలో ఇంగ్లీషు వికీపీడియాలోని జీవిత చరిత్రలలో స్త్రీలవి సుమారు 15 శాతం మాత్రమే. పైగా ఈ లోటు పైకి కనబడదు. వ్రాసినదానిలో తప్పు ఉంటే చదివేవారు పట్టుకొంటారు. వ్రాయనిదానిని ఎవరు పట్టుకొంటారు? వెదికిన పేరు కనబడకపోతే, ఆ వ్యక్తి అంత ముఖ్యురాలు కాదు కాబోలు అని చదువరి అనుకొంటాడు.

దీనికి డొనా స్ట్రిక్లాండ్ ఉదంతమే నిదర్శనం. ఈమె కెనడా దేశపు భౌతిక శాస్త్రవేత్త. లేజర్ కాంతిని అతి తక్కువ కాలంపాటు, అత్యంత తీవ్రంగా వెలువరించే పద్ధతిని ఈమె తన గురువు జెరార్డ్ మూరూతో కలిసి కనుగొన్నారు. వీరి పరిశోధన 1985లో ప్రచురితమైంది. కంటి శస్త్రచికిత్సలలో ఈ పద్ధతి ఎంతో ఉపయోగపడుతున్నది. 2018 మే నెలలో ఒకరు వికీపీడియాకు ఈమె జీవిత చరిత్రను వ్రాసి పంపారు. ఈమె ప్రాముఖ్యాన్ని తెలిపే ఆధారాలు చాలవంటూ పరిశీలకుడొకరు దానిని త్రిప్పి పంపారు. ఆమె గురువును గురించి మాత్రం అప్పటికే ఒక వ్యాసం ఉంది. అదే సంవత్సరం అక్టోబరు 2న భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి గ్రహీతలను ప్రకటించారు. అందులో మూరూతోపాటు స్ట్రిక్లాండ్ పేరు కూడా ఉంది! 1903లో మేరీ క్యూరీ, 1963లో మరియా గోపర్ట్ మేయర్ తరువాత భౌతిక శాస్త్రంలో ఆ బహుమతి పొందిన మూడవ మహిళ ఈమె. ఆ రోజున ప్రపంచమంతా ఆమె పేరును వెదికినప్పుడు, మొదట వికీపీడియాలో ఏమీ లేదు. ఆ తరువాతనే హడావిడిగా వ్యాసం వెలసింది.

ఇందులో ఆ పరిశీలకుడు నియమాన్ని అతిక్రమించలేదు. ఆమెను గురించి ఇతరులు వ్రాసిన ఆధారాలు కావాలని మాత్రమే అడిగాడు. ఆ ఆధారాలు కొరవడటానికి కారణం పత్రికలు, గ్రంథాలు ఆమెను అంతగా పట్టించుకోకపోవటమే. లోకం స్త్రీల కృషిని ఎంత తక్కువగా నమోదు చేస్తే, ఆ లోకపు నమోదుపై ఆధారపడే విజ్ఞాన సర్వస్వం కూడా అంత తక్కువగానే నమోదు చేస్తుంది. పాత అన్యాయం కొత్త గ్రంథంలోకి నియమబద్ధంగానే ప్రవేశిస్తుంది.

స్త్రీలు తక్కువగా వ్రాయటానికి మరికొన్ని కారణాలు ఉన్నాయి. మొదటిది తీరిక. ఇంటిపనిలో ఎక్కువ భాగం స్త్రీలమీదనే పడుతున్నది. బయట ఉద్యోగం చేసి వచ్చినా వంటిల్లు ఎదురుచూస్తూనే ఉంటుంది. రెండవది సాధనం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 57 శాతం కాగా, స్త్రీలు 33 శాతమే. ఇంటిలో ఒకే ఫోను ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. మూడవది చర్చల తీరు. ఎదుటివారి ముఖం కనబడనిచోట మాట తొందరగా కరకుదనం పొందుతుంది. కష్టపడి వ్రాసినదానిని ఎవరో వివరణ లేకుండా తొలగించినా, ఎగతాళిగా మాట్లాడినా కొత్తవారు మరల అటువైపు రారు. స్త్రీలకు వేధింపు లేఖలు కూడా వస్తుంటాయి.

ఈ పరిస్థితిని చక్కదిద్దటానికి పూనుకొన్నవారు లేకపోలేదు. అమెరికాకు చెందిన ఎమిలీ టెంపుల్-వుడ్ విద్యార్థినిగా ఉన్నప్పుడే, 2012లో, మహిళా శాస్త్రవేత్తల చరిత్రలను వ్రాసే పథకాన్ని ప్రారంభించారు. తనకు వచ్చిన ఒక్కొక్క వేధింపు లేఖకు బదులుగా ఒక్కొక్క శాస్త్రవేత్త్రి చరిత్రను వ్రాయాలని ఆమె నిశ్చయించుకొన్నారు. బెదిరించినవారికి ఇంతకంటె తగిన జవాబు ఉండబోదు. 2015లో మరొక ఉద్యమం మొదలైంది. వికీపీడియాలో ఇంకా వ్యాసం లేని పేరుకు లింకు ఇస్తే అది ఎరుపు రంగులో కనబడుతుంది. వ్యాసం వ్రాయగానే నీలిరంగుకు మారుతుంది. ఎరుపులో ఉన్న స్త్రీల పేర్లను జాబితాలుగా చేర్చి, ఒక్కొక్కటే నీలిరంగుకు మార్చటమే ఈ ఉద్యమం పని. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జెస్ వేడ్ 2018 నుంచి తన పరిశోధన పనులు ముగిశాక సాయంవేళల్లో కూర్చొని వేయికి పైగా జీవిత చరిత్రలు వ్రాశారు. ఇటువంటివారి కృషివల్ల ఇంగ్లీషు వికీపీడియాలోని జీవిత చరిత్రలలో స్త్రీల వాటా సుమారు 20 శాతానికి చేరింది. పదేళ్ళ శ్రమకు ఇది కొద్దిపాటి పెరుగుదలగా తోచవచ్చు. కాని ఆ పెరుగుదల వెనుక లక్షలాది కొత్త వ్యాసాలు ఉన్నాయి.

తెలుగువారికి ఈ పని కొత్తది కాదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుకు ఒక అక్క ఉండేవారు. ఆమె పేరు భండారు అచ్చమాంబ (1874-1905). తండ్రి మరణించాక తల్లీ తమ్ముడూ ఆమె ఇంటనే ఉన్నారు. తమ్ముడు నాగపూరులో పట్టభద్రుడయ్యారు. బడి చదువుకు నోచుకోని అక్క మాత్రం ఇంటి వద్దనే స్వయంకృషితో విద్య నేర్చుకొన్నారు. స్త్రీలు అబలలు, అజ్ఞానులు అనే మాట అబద్ధమని నిరూపించదలచి, మన దేశంలో ప్రసిద్ధికెక్కిన స్త్రీల చరిత్రలను వెదకి తీసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే గ్రంథాన్ని రచించారు. నేడు ఇంటర్నెట్‌లో జరుగుతున్న పనిని నూరేళ్ళకు మునుపే, కలం తప్ప వేరే సాధనం లేకుండా, తెలుగుదేశానికి దూరంగా ఉంటూ ఆమె చేశారు. ముప్పై ఏళ్ళ వయసుకే ఆమె జీవితం ముగిసింది.

బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపురం, యానాం వంటి చోట్ల తరతరాలుగా తెలుగువారు నివసిస్తున్నారు. అక్కడ బడులు నడిపిన, వైద్యం చేసిన, నేత పనిలో పేరు తెచ్చుకొన్న, పాటలు కట్టిన స్త్రీలు ఎందరో ఉంటారు. వారిని గురించి పాత పత్రికలలో, బడి ప్రత్యేక సంచికలలో, గ్రంథాలయాలలో ఏమి అచ్చయిందో వెదకటమే మొదటి మెట్టు. ఆధారం లేని మాటకు విజ్ఞాన సర్వస్వంలో చోటు లేదు కనుక, ఆధారాన్ని పదిలపరచటం వ్యాసం వ్రాయటమంత విలువైన పని. ఇది ఆడపిల్లలు మాత్రమే చేయవలసిన పని కాదు. ఇంటిపనిలో పాలు పంచుకొని చెల్లెలికి ఒక గంట తీరిక కల్పించే అన్న కూడా ఇందులో భాగస్వామియే. తలుపు తెరిచి ఉంచటం ఒక ఎత్తు. లోనికి వచ్చే వీలు అందరికీ కల్పించటం మరొక ఎత్తు.

ప్రశ్నలు

1. వికీపీడియాలోని చర్చల పుటకు 'రచ్చబండ' అనే పేరు ఏ ప్రశ్నను లేవదీస్తుంది?
2. డొనా స్ట్రిక్లాండ్ చరిత్రను త్రిప్పి పంపటంలో నియమభంగం జరిగిందా? మీ అభిప్రాయాన్ని కారణాలతో వ్రాయండి.
3. స్త్రీలు విజ్ఞాన సర్వస్వానికి తక్కువగా వ్రాయటానికి గల కారణాలను సొంత మాటలలో వివరించండి.
4. మీ ఊరిలో మంచి పని చేసిన ఒక మహిళను గురించి, అచ్చయిన ఆధారాలు సేకరించి, పది వాక్యాలు వ్రాయండి.