తలుపు వేయని బండి

రాత్రి వీధి తలుపు బార్లా తీసి నిద్రపోయే ఇల్లు ఎక్కడా ఉండదు. కాని తలుపులు బార్లా తెరిచి ఉన్న బండిలో, గంటకు 80, 90 కిలోమీటర్ల వేగంతో, రోజూ లక్షలాది మంది ఆఫీసుకు వెళ్ళి వచ్చే ఊరు మాది. ముంబై లోకల్ బండిలో ముప్ఫై ఏళ్ళకు పైగా నేనూ అలాగే తిరుగుతున్నాను.

మా బాపు కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి లోయర్ పరేల్‌లో ఒక బట్టల మిల్లులో పనిచేసేవాడు. 1982 జనవరిలో మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. దానితో ఆ పని పోయింది. అద్దె తక్కువని డోంబివలికి చేరాం. నేను బి.కాం. చదివిందీ, 1993లో బ్యాంకులో చేరిందీ అక్కడి నుంచే. ఇంటి నుంచి ఫోర్ట్‌లోని ఆఫీసుకు యాభై కిలోమీటర్లకు కాస్త తక్కువ. మొదటి రోజు బాపు ఒక్కటే మాట చెప్పాడు: "కొడుకా, బండి పోతె ఇంకో బండొస్తది."

ఆ మాట నేను వినలేదు. వినని ఫలితం 1996 వర్షాకాలంలో కనిపించింది. ఫుట్‌బోర్డు తడిసి ఉంది. చెప్పు జారింది. ఒక కాలు గాలిలోకి పోయింది. ద్వారం నడుమ ఉండే ఉక్కు కడ్డీ నా చేతికి అందలేదు. వెనక నిలబడ్డ ఒక పెద్దమనిషి చొక్కా కాలరు పట్టుకుని లోపలికి లాగాడు. "ఇంట్లో నీకోసం ఎదురుచూసే వాళ్ళెవరూ లేరా?" అని మరాఠీలో తిట్టాడు. దాదర్‌లో దిగి వెళ్ళిపోయాడు. పేరైనా అడగలేదు. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

దూరంగా ఉండే పాఠకులకు ఒక సందేహం రావచ్చు. లోపల చోటుండగా ద్వారం దగ్గర వేలాడటం దేనికి, ఇది కుర్రతనం కాదా అని. కొంత కుర్రతనమే. కాని అంతా అది కాదు. రద్దీ వేళ ఈ బండ్లలో ఒక చదరపు మీటరు జాగాలో 14 నుంచి 16 మంది నిలబడతారని రైల్వేవారే లెక్క కట్టారు. లోపల గాలి ఆడదు. పైగా స్టేషన్లో బండి ఆగేది అర నిమిషమో, అంతకంటె తక్కువో. లోపలికి వెళ్ళినవాడు తన స్టేషన్ వచ్చేసరికి బయట పడలేడు. అందుకని దిగవలసినవాడు ముందే ద్వారం పట్టుకుంటాడు. వాడిని దాటి ఎక్కలేనివాడు ఫుట్‌బోర్డు మీద ఆగిపోతాడు. అంటే గాలికీ, దిగడానికీ, ఎక్కడానికీ అందరికీ ఆ ద్వారమే దిక్కు.

అలాంటప్పుడు తలుపులు మూసేస్తే సరిపోదా? బ్యాంకువాణ్ణి కనుక నాకు లెక్క వేయకుండా తోచదు. డోంబివలిలో బయలుదేరిన స్లో లోకల్ ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ చేరేలోగా దారిలో 22 స్టేషన్లలో ఆగుతుంది. తలుపు మూసి తెరిచే పనికి స్టేషన్‌కు పది సెకన్లు అదనంగా పట్టాయనుకోండి. మొత్తం 220 సెకన్లు, అంటే మూడున్నర నిమిషాలు దాటింది. ఒక్క బండికి అది పెద్ద నష్టం కాదు. కాని రద్దీ వేళ దాని వెనకే మూడు నాలుగు నిమిషాల తేడాతో మరో బండి, దాని వెనక ఇంకొకటి ఉంటాయి. ముందు బండి ఆలస్యం వెనక బండ్లన్నిటి ఖాతాలో పడుతుంది. తలుపు మూయడంలో ఉన్న అసలు చిక్కు ఇది.

అయినా తలుపులు మూసుకునే బండి వచ్చింది. చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో తయారైన మొదటి ఏ.సి. లోకల్ 2017 డిసెంబరు 25న పశ్చిమ రైల్వేలో నడిచింది. మా మధ్య రైల్వే మెయిన్ లైనుకు 2020 డిసెంబరులో చేరింది. చెన్నైలో ఉన్న మనవాళ్ళకు బీచ్ స్టేషన్ నుంచి చెంగల్పట్టు దాకా అటువంటి బండి 2025 ఏప్రిల్ 19న మొదలైంది. ఇందులో తలుపులన్నిటినీ గార్డు ఒక్కచోటి నుంచి మూస్తాడు. ఆయన్ను 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఏ ఒక్క తలుపు పూర్తిగా మూసుకోకపోయినా మోటార్లకు కరెంటు అందదు, బండి కదలదు. లెడ్జరులో ఒక్క రూపాయి తేడా ఉన్నా రోజు లెక్క ముగియనట్లే ఇదీను. అందుకే రద్దీ వేళ ఒక్కరి సంచి తలుపులో ఇరుక్కున్నా బండి మొత్తం ఆగిపోతుంది. 2022 మే నెలలో ఈ బండ్ల టికెట్టు ధర సగానికి తగ్గించారు. అయినా మామూలు లోకల్ పాసుతో పోలిస్తే ఏ.సి. పాసు చాలా ప్రియమే. మా అబ్బాయి వంటి కొత్త ఉద్యోగులు మామూలు బండికే వెళతారు.

ఇక 2025 జూన్ 9, సోమవారం సంగతి. ఉదయం తొమ్మిది దాటాక దివా, ముంబ్రా స్టేషన్ల మధ్య మలుపు దగ్గర రెండు లోకల్ బండ్లు ఎదురెదురుగా దాటుకుంటున్నాయి. ద్వారాల దగ్గర వేలాడుతున్నవారు ఒకరికొకరు తగిలి కింద పడ్డారు. కొందరు మరణించారు, మరికొందరు గాయపడ్డారు. అది మా దారే. మా అబ్బాయి ఆ పూట బయలుదేరే వేళా అదే. ఇంటావిడ ఫోన్ మీద ఫోన్ చేసింది. వాడు ఎత్తలేదు. నేనూ ప్రయత్నించాను. బ్యాంకులో కుర్చీలో కూర్చున్నానే గాని ఎదురుగా ఉన్న కాగితం మీద ఒక్క అంకె కనిపించలేదు. పది గంటలు దాటాక వాడే ఫోన్ చేశాడు. అంతకు ముందు బండిలో వెళ్ళాడట. జేబులో ఫోన్ మోగినా చెయ్యి కిందికి దించే జాగా లేదట.

"ఎక్కడ నిలబడ్డావురా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "తలుపు దగ్గరే డాడీ" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర కోప్పడబోయాను. "మీరెక్కడ నిలబడి వెళ్ళేవారు డాడీ?" అని మెల్లగా అడిగాడు. నా నోట మాట రాలేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా దాచిన ఆ కాలరు సంగతి అప్పుడు చెప్పాను. ఇంటావిడ చేతిలోని గరిటె గిన్నెలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మళ్ళీ మాట్లాడలేదు.

అదే రోజు రైల్వేవారు ఒక ప్రకటన చేశారు. ముంబైకి కొత్తగా వచ్చే లోకల్ బండ్లన్నిటికీ వాటంతట అవే మూసుకునే తలుపులుంటాయన్నారు. ఏ.సి. లేని బండ్లకూ అలాంటి తలుపులే పెట్టి, గాలి వచ్చేలా వాటికి సందులు ఉంచి, పైకప్పు మీది యంత్రాలతో బయటి గాలి లోపలికి పంపి, ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడిచి వెళ్ళే దారి కల్పిస్తామన్నారు. మంచి ఆలోచనే. గాలి లేకుండా తలుపు మూయడం ఎవరివల్లా కాదు. కాని బండ్ల సంఖ్య పెరగకపోతే ఆ తలుపు మూసుకునేటంత చోటు మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? తలుపూ, గాలీ, అదనపు బండ్లూ మూడూ కలిసి రావాలి.

ముంబై లోకల్ మార్గాల్లో 2023లో 2,590 మంది చనిపోయారు. పట్టాలు దాటుతూ పోయినవారూ, బండిలోంచి పడినవారూ అందరూ ఆ లెక్కలో ఉన్నారు. రోజుకు ఏడుగురు. పాత బండ్లన్నీ మారేదాకా మన తలుపు మనమే వేసుకోవాలి.

మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. అబ్బాయి ఇప్పుడు ఇరవై అయిదు నిమిషాలు ముందు బయలుదేరి, డోంబివలి నుంచే మొదలయ్యే స్లో లోకల్ ఎక్కుతున్నాడు. ఖాళీగా వచ్చే బండి కనుక లోపలికి వెళ్ళగలుగుతాడు. ఇంటావిడ అరగంట ముందు లేచి డబ్బా కడుతోంది. లోపల నిలబడ్డాక వాడు ఫోన్‌లో ఒక్క మాట పంపుతాడు: "లోపల ఉన్నాను." అది చూశాకే ఆవిడ కాఫీ తాగుతుంది. బాపు ఉంటే ఆయనకూ చూపించేవాణ్ణి.