43 అడుగుల వార్త

భద్రాచలమున గోదావరి యొడ్డున నివసించువారికి వరదను గుర్తించుటకు పంచాంగముగాని పత్రికగాని అక్కరలేదు. స్నానఘట్టముల మెట్లు ఒకటొకటిగా మునుగును. పిమ్మట కల్యాణకట్టలోనికి నీరు వచ్చును. చర్లకు పోవు దారి తూరుబాక కడ తెగిపోవును. ఇంతలో కేంద్ర జలసంఘమువారి కొలబద్ద చెంతనున్న ఉద్యోగి గంటగంటకును ఒక అంకెను వ్రాసికొనుచుండును. ఆ అంకె 43 అయినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయినచో రెండవది, 53 అయినచో మూడవది. ఈ మూడంకెలును ఆ ప్రాంతమున బడిపిల్లలకు సైతము తెలిసినవే.

అట్టి అంకె యొకటి ఆ మెట్లమీద పుట్టి, హైదరాబాదు చేరి, అచ్చటినుండి ఢిల్లీ చేరి, దేశమంతటికిని వార్తయై, తిరిగి ఆ యేటి యొడ్డుననే ఒక యింటిలో మాటగా వినబడుటకు ఎంత దూరము నడువవలెను? ఆ దారిలో అది పోగొట్టుకొనునదేమి, సంపాదించుకొనునదేమి? ప్రాంతీయ ప్రసార కేంద్రములకును జాతీయ ప్రసార వ్యవస్థకును గల పొత్తు ఎట్టిదో పరీక్షించి చూచుటకు ఇంతకంటె మంచి గీటురాయి దొరకదు.

ఏటికి రెండు గట్లు

భద్రాచలము చరిత్రమంతయు సరిహద్దుల చరిత్రమే. 1860లో నిజాము ఏలుబడినుండి ఆంగ్లేయుల చేతికి వచ్చిన ఈ సీమ, 1874 నుండి గోదావరి జిల్లాలో భాగమై మద్రాసు ఆధిపత్యమున నుండెను. ఆవలి గట్టుననున్న బూర్గంపాడు మాత్రము నిజాము రాజ్యమే. నడుమనున్నది ఒక్క నది. ఈవల నొక నాణెము, ఆవల నొక నాణెము. ఈవల నొక కచేరీ భాష, ఆవల వేరొకటి.

రేడియో వచ్చినపుడును ఈ విభజన మారలేదు. 1935లో హైదరాబాదున దక్కన్ రేడియో ప్రారంభమయ్యెను. 1938లో మద్రాసున అఖిల భారత రేడియో కేంద్రము వెలసెను. ఒక గట్టు ఒక ప్రభుత్వమువారి ప్రసార సీమలోనిది, రెండవ గట్టు మరియొక ప్రభుత్వమువారిది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసిన పిమ్మటగాని కృష్ణా గోదావరీ మండలముల తెలుగువారికి తమ యింటి గొంతు వినబడలేదు. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో అఖిల భారత వ్యవస్థలో లీనమయ్యెను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు ఖమ్మము జిల్లాలో చేరినవి. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గోదావరిపై వంతెనను ప్రారంభించిరి. అప్పటికి రెండు గట్లును ఒక జిల్లాకు, ఒక దారికి చెందినవైనవి.

ఈ కాలముననే తెలుగు శ్రోతకు ఒక అలవాటు ఏర్పడినది. ఢిల్లీ కేంద్రమున తెలుగులో చదివిన జాతీయ వార్తలను విజయవాడ, హైదరాబాదు కేంద్రములు అందుకొని తిరిగి వినిపించెడివి. రాష్ట్రపు సంగతులు ప్రాంతీయ వార్తలుగా వేరుగ వచ్చెడివి. ప్రపంచము ఢిల్లీనుండి వచ్చును, ఊరు రాష్ట్ర రాజధానినుండి వచ్చును అని వినువాని మనస్సులో ఒక హద్దు నిలిచినది. ఈ పంపకము తేలికగా కనబడునుగాని దానియందొక చిక్కు గలదు. ఏ వార్త ఊరిది, ఏ వార్త దేశముది అని నిర్ణయించువారు ఊరిలో లేరు.

తిథి గల వార్త, తిథి లేని వార్త

భద్రాద్రినుండి బయలుదేరు వార్తలలో మిక్కిలి ప్రసిద్ధమైనది శ్రీరామనవమినాటి సీతారామ కల్యాణము. ఆకాశవాణి దశాబ్దములుగా దానిని ప్రత్యక్ష వ్యాఖ్యానముతో ప్రసారము చేసినది. ఉషశ్రీ (1928–1990) గళమున ఆ వ్యాఖ్యానమును విన్న తరమువారికి కల్యాణమండపమును కండ్లార చూడకున్నను చూచినట్లే యుండెడిది. తరువాత దూరదర్శనము, దాని వెనుక ప్రైవేటు చానళ్లు ఆ మండపమునకు కెమెరాలను తెచ్చినవి. 2020లో మహమ్మారి కారణముగ భక్తులు లేకయే కల్యాణము జరిగినపుడు, తెరమీద కనబడినదే లోకమునకు దర్శనమైనది.

ఈ ప్రసారమునకు ఒక సౌకర్యము గలదు. తిథి ముందే తెలియును. లగ్నము ముందే తెలియును. ఏ కేంద్రము ఎన్ని గంటలకు ఏ కేంద్రమునకు తన ప్రసారమును అందీయవలెనో నెల దినములకు ముందే వ్రాసికొనవచ్చును. గొలుసులోని ప్రతి కొండియయు తన నిమిషము ఎరిగియుండును.

వరదకు తిథి లేదు. ఎగువన ఇంద్రావతిలోనో ప్రాణహితలోనో పడిన వాన ఎప్పుడు పేరూరు దాటునో, ఎప్పుడు భద్రాచలము చేరునో నది చెప్పవలసినదే. దిగువన కూనవరము కడ శబరి వచ్చి కలియును. శబరి పొంగియున్నచో గోదావరికి పోవు దారి యుండదు. నీరు వెనుకకు తన్నును. జాతీయ కార్యక్రమముల పట్టికలో దీనికి గడి యేదియు ఉండదు. కనుక ప్రసార వ్యవస్థ యొక్క సామర్థ్యము నవమినాడు కాక, శ్రావణపు అర్ధరాత్రమున తెలియవలెను.

తెర వచ్చిన తరువాత

తెలుగు నేలకు టెలివిజన్ మొదట ఆకాశమునుండియే దిగినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధన ప్రయోగమున, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు కార్యక్రమములు అందినవి. హైదరాబాదున కార్యక్రమములు తయారు చేయుటకు ఒక కేంద్రము ఏర్పడెను. వానిని ఆకాశమునకు పంపు భూకేంద్రము అహ్మదాబాదున నుండెను. ఒకే బొమ్మకు రెండు ధ్వనిమార్గములు గలవు గనుక, అదే దృశ్యమును ఒక పల్లెలో తెలుగునను మరియొక పల్లెలో కన్నడమునను వినగలిగిరి. ప్రతి సాయంకాలము అరగంట మాత్రము అందరికి ఉమ్మడిగా జాతీయ కార్యక్రమము. ప్రాంతీయ భాగము, జాతీయ భాగము అను విభజనకు ఇదియే తొలి పాఠము. ఆ పల్లెలలో ఖమ్మము జిల్లా పల్లె లేదు.

1976 ఏప్రిల్ 1న దూరదర్శనము ఆకాశవాణినుండి విడివడినది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు కేంద్రము ప్రారంభమైనది. 1982 ఆగస్టు 15 నుండి రాత్రిపూట దేశమంతటికి ఒకే జాతీయ కార్యక్రమము ఇన్సాట్ ఉపగ్రహము ద్వారా రాసాగెను. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ తొలిసారి తెలుగు వార్తలు చదివిరి. ఎదుట అక్షరములు కదలు యంత్రము ఆనాడు లేదు. వార్తలను కంఠస్థము చేసికొని, చూచువారి కండ్లలోనికి చూచుచు చెప్పవలసివచ్చెను. 2024 ఏప్రిల్‌లో వారు మరణించినపుడు తెలుగు దేశమంతయు ఆ ముఖమునే తలచుకొనినది.

1984లో దేశమున దినమునకొకటి చొప్పున కొన్ని నెలలపాటు చిన్న ట్రాన్స్‌మిటర్లు వెలసినవి. వానిలో పెక్కింటికి ఉపగ్రహమునుండి ఢిల్లీ బొమ్మ నేరుగ దొరకెను. తమ రాష్ట్ర రాజధాని బొమ్మ దొరకుటకు మాత్రము మరికొంత కాలము పట్టినది. అనగా చిన్న పట్టణమువాడు ఢిల్లీలో ఏమి జరుగుచున్నదో చూడగలిగెనుగాని, తన రాష్ట్రమున ఏమి జరుగుచున్నదో చూడలేకపోయెను. దూరము దగ్గరయైనది, దగ్గర దూరమైనది.

1986 ఆగస్టు

ఆ యేడు ఆగస్టు 15న దేశమంతయు అలవాటు చొప్పున ఎర్రకోట వైపు చూచుచుండగా గోదావరి పెరుగుచునే యున్నది. మరునాడు 16వ తేదీన భద్రాచలమున నీటిమట్టము 75.6 అడుగులకు చేరెను. నేటికిని అదియే రికార్డు. ధవళేశ్వరము కడ 35 లక్షల ఘనపుటడుగులకు పైగా నీరు సెకనుకు సముద్రమువైపు పరుగెత్తినది.

ఆ దినములలో బొమ్మ రాజధాని చేరవలెనన్న టేపు ప్రయాణము చేయవలెను. భద్రాచలమునకు రైలు లేదు. "భద్రాచలం రోడ్" అని పేరు గల స్టేషను సుమారు 40 కిలోమీటర్ల దూరమున కొత్తగూడెమున గలదు. హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైమాట. వార్త ఎంత పెద్దదో, దారి అంత మూసికొనిపోయి యుండును. మాట మాత్రము తంతిమీదనో వైర్‌లెస్ మీదనో పోగలదు. అందుచేత ఆనాడు మునిగినవారికి రేడియోయే దిక్కు. బ్యాటరీతో పలుకు ఆ పెట్టెకు విద్యుత్తు లేకున్నను ఫరవాలేదు.

అంకెకు కూడ అనువాదము

ఇక వార్త నడచు దారిని చూతము. పట్టణమునందలి విలేఖరి సంగతిని ప్రాంతీయ వార్తా విభాగమునకు పంపును. అచ్చటివారు దానిని సరిచూచి, అధికారులను అడిగి రూఢి చేసికొని తమ బులెటినులో చేర్చుకొందురు. ముఖ్యమని తోచినచో ఢిల్లీ కేంద్ర వార్తా విభాగమునకు తెలుపుదురు. ఢిల్లీవారు బొమ్మ కావలెనని కోరినచో ఉపగ్రహముపై కొన్ని నిమిషముల అవకాశము కుదుర్చుకొని పంపుదురు. జాతీయ బులెటినుకు దేశములోని అన్ని మూలలనుండియు సంగతులు వచ్చి చేరును గనుక, పది నిమిషముల ప్రాంతీయ వృత్తాంతము అచ్చట రెండు వాక్యములుగ మిగులును. ఢిల్లీవారిని తప్పుపట్టుటకు లేదు. అస్సామున బ్రహ్మపుత్ర, బీహారున కోసి కూడ ఆ దినముననే పొంగియుండవచ్చును.

ఈ ప్రయాణమున అంకె సైతము వేషము మార్చుకొనును. భద్రాచలమువాడు 43 అడుగులనును. అదే మట్టమును కేంద్ర జలసంఘమువారు సముద్రమట్టమునుండి లెక్కించి 45.72 మీటర్లు అందురు. ఊరివారి మూడవ హెచ్చరికయైన 53 అడుగులే వారి లెక్కలో 48.77 మీటర్ల ప్రమాద మట్టము. 1986 నాటి 75.6 అడుగులు వారి పుస్తకమున 55.66 మీటర్లు. రెండును నిజమే. అయినను "గోదావరి 48.77 మీటర్లు దాటినది" అను మాట విని మూటముల్లె సర్దుకొను ముసలమ్మ ఆ తీరమున ఒక్కతెయు ఉండదు. "యాభై మూడు దాటినది" అన్నచో మరుక్షణమే మేకను విప్పి మిట్టకు తోలును. ప్రాంతీయ కేంద్రము చేయవలసిన పని సమస్తమును ఈ తేడాలోనే యున్నది. ఢిల్లీకి పంపునపుడు అడుగులను మీటర్లు చేయవలెను. ఢిల్లీనుండి వచ్చినదానిని తిరిగి అడుగులు చేయవలెను.

దేశమునకు కావలసినది నది ఎంత పెరిగినదన్న సంగతి. తీరమువానికి కావలసినది ఏ దారి తెగినది, ఏ బడిలో అన్నము పెట్టుచున్నారు, నాటుపడవ నడచునా, రాత్రి ఇంకను పెరుగునా అన్న సంగతులు. కొత్తగూడెమున స్థానిక ఆకాశవాణి కేంద్రము వెలయుటలోని అంతరార్థము ఇదియే. ఢిల్లీ, హైదరాబాదు అను రెండు మెట్లకు కింద మూడవ మెట్టొకటి కావలసివచ్చినది.

మరల రెండు గట్లు

2014లో రాష్ట్రము విభజింపబడినది. పోలవరము ముంపు కారణముగ కూనవరము, చింతూరు, వర రామచంద్రాపురము, కుకునూరు, వేలేరుపాడు మొదలైన మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. ఆలయమును పట్టణమును తెలంగాణమున మిగిలినవి. పట్టణమును ఆనుకొనియున్న ఎటపాక ఆవలి రాష్ట్రమైనది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. దూరదర్శనమును రెండైనది: హైదరాబాదున యాదగిరి, విజయవాడయందు సప్తగిరి.

నూరేండ్ల క్రిందటి హద్దు క్రొత్త రూపమున మరల వచ్చినది. భద్రాచలమున కొలిచిన నీరు కొన్ని గంటలకు కూనవరమున ఇండ్లలోనికి చేరును. కూనవరమున శబరి తన్నిన పోటు భద్రాచలమున నీరు దిగనీయదు. ఒక వరదకు రెండు ప్రాంతీయ బులెటినులు. ఒకదానిలో నది రాష్ట్ర సరిహద్దు కడ అంతమగును, రెండవదానిలో అచ్చట మొదలగును. రెండింటిని కలిపి చూడగలిగినది జాతీయ వ్యవస్థ యొక్కటే. కాని దానికి ఉన్నవి రెండు వాక్యములే.

2022 జూలై 16న నీరు 71.3 అడుగులకు చేరినపుడు ఈ సంగతి తేటతెల్లమైనది. వంతెనపై రాకపోకలను నిలిపివేసిరి. ఈసారి బొమ్మలకు కొరత లేదు. ప్రతి చానలును, ప్రతి చేతిలోని ఫోనును నదిని చూపినవి. నేలమీది దూరదర్శన ట్రాన్స్‌మిటర్లు అప్పటికే దేశమున చాలవరకు మూతపడియుండెను. తెర యిపుడు ఇంటికప్పుమీది గొడుగునుండియో అంతర్జాలమునుండియో వచ్చుచున్నది. విద్యుత్తు పోయినచో, ఫోను గోపురము పలుకకున్నచో ఆ రెండును మూగవోవును. బొమ్మలు దేశమంతటను తిరుగుచుండగా, వానిలోని మనుష్యులకే అవి కనబడని గడియలుండును.

చేయదగిన పని గొప్పదేమియు కాదు. వరద దినములలో హైదరాబాదు, విజయవాడ కేంద్రములు తమ హద్దు మరచి, పేరూరునుండి పోలవరము వరకు నదినంతయు ఒకే వరుసలో, ఒకే వేళకు, అడుగులలో చదువవచ్చును. ఏ దారి తెగినదో ఊరిపేరుతో చెప్పవచ్చును. అడవి లోపలి కోయగూడెములకు కోయభాషలో రెండు మాటలు పలుకవచ్చును. ఢిల్లీ ఆ వరుసను అందుకొని తన రెండు వాక్యములను దానినుండి ఏరుకొనవచ్చును. ప్రతి యేడును ఆషాఢము దాటగనే ఆ మెట్లచెంత ఒక ఉద్యోగి లాంతరో టార్చిలైటో పట్టుకొని అంకె వ్రాసికొనుచునే యున్నాడు. ఆతడు వ్రాసిన అంకె, నీటికంటె ముందుగ కూనవరము చేరవలెను.