ఓడల పొగ - సీమ యెండ

నడిసముద్రమున ఓడలు విడుచు పొగకును, కడలికి దూరముగా ఎండకు మాడు కర్నూలు, కడప జిల్లాలకును సంబంధమేమి యని చదువరులు ప్రశ్నింపవచ్చును. సంబంధము కలదు. దానిని వివరించుటకు ముందు మన సీమలో జరిగిన యొక పాత కథను జ్ఞప్తికి దెచ్చుట యవసరము.

1863 మొదలు 1870 వరకు సుంకేసులనుండి కడపదాక త్రవ్విన కాలువ సేద్యమునకే గాక పడవల రాకపోకలకును ఉద్దేశింపబడినది. దానిని త్రవ్వించిన మద్రాసు ఇరిగేషను కంపెనీ మూలధనముపై నూటికి 5 చొప్పున వడ్డీకి నాటి ప్రభుత్వము పూచీపడెను. కంపెనీ తలచినంతగా పడవల రాబడి లేదు. నీటి రాబడియు లేదు. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసివచ్చెను. లాభము వచ్చిన కంపెనీకి, నష్టము వచ్చిన ప్రజలకు అన్నట్లయినది.

ఇక ఓడల సంగతి. ప్రపంచ వర్తకమున బరువును బట్టి నూటికి 80 పాళ్లకు మించిన సరకు సముద్రముమీదనే పోవుచున్నది. మానవులు గాలిలోనికి విడుచు బొగ్గుపులుసు వాయువులో సుమారు 3 పాళ్లు ఈ ఓడలవే. 2050 ప్రాంతమునకు ఈ భారమును నికరముగా సున్నకు దింపవలెనని 2023లో అంతర్జాతీయ నౌకాసంస్థ సభ్యదేశములు లండనులో నిశ్చయించినవి. 5,000 టన్నులకు మించిన ఓడలు వాడు ఇంధనమునకు మితి విధించి, మితిమీరినవారిచే రుసుము కట్టించు పద్ధతిని 2025 ఏప్రిలులో 63 దేశములు సమ్మతించినవి. మన దేశము వానిలో నొకటి. కాని అక్టోబరులో తుది నిర్ణయమునకు వచ్చునప్పటికి అమెరికా, సౌదీ అరేబియాలు అడ్డుపడగా, 57కు 49 వోట్లతో సంగతి యొక యేడాది వాయిదా పడెను. ఓడ యొకసారి కట్టిన పాతికేండ్లు నడచును. నేడు చమురుకై కట్టిన ఓడ 2050 నాటికిని పొగ విడుచుచునే యుండును. కావున ఈ జాగు శ్రేయస్కరము కాదని మా యభిప్రాయము.

రుసుము వచ్చిన ఓడకేవు పెరుగును. ఆ భారము మంగంపేట ముగ్గురాయిపైనను పడకపోదు. చమురుబావులు త్రవ్వుటకు వాడు ఆ రాయి మన సీమనుండి ఓడలమీదనే విదేశములకు పోవుచున్నది. ఆ బావుల చమురే మరల ఓడలలో మండుచున్నది! అయినను నష్టమొక్కటే చూచుట తగదు. చమురునకు బదులు ఓడలలో వాడదగిన యింధనములలో అమ్మోనియా యొకటి. అది విషవాయువు గనుక మిక్కిలి జాగ్రత్త వలయును. కాని అందు బొగ్గు లేదు. నీటినుండి హైడ్రోజనును, గాలినుండి నత్రజనిని గ్రహించి దానిని చేయుటకు కావలసిన ముఖ్యవస్తువు చవుకయైన విద్యుత్తు. అది యెండనుండి పుట్టిననే పొగ తగ్గును.

ఆ యెండ మనకు కొదువలేదు. గని, శకునాల గ్రామముల ప్రాంతమున దాదాపు 6 వేల యెకరములలో 1,000 మెగావాట్ల సౌరక్షేత్రము 2017లో పూర్తియైనది. పాణ్యము చేరువ పిన్నాపురమున, ఎండ గాలులనుండి పుట్టిన విద్యుత్తుతో నీటిని మీది జలాశయమునకెక్కించి, వలసినపుడు క్రిందికి వదలి మరల విద్యుత్తు తీయు ఏర్పాటు జరిగినది. కాకినాడలో హరిత అమ్మోనియా కర్మాగారమునకు 2024లో పెట్టుబడి నిశ్చయమైనది. సీమ యెండ ఓడలకు కట్టెయగు కాలము దూరముగా లేదు.

అయితే ఏ షరతులపై? ఇదియే మా ప్రశ్న. భూమిని ఒక్కసారి విక్రయించి చేతులు దులుపుకొనుటకంటె, ధరలతోపాటు పెరుగు కౌలుకిచ్చుట మేలు. పట్టాదారునకు కౌలు వచ్చును; ఆ చేలలో కూలిచేసినవానికిని, బీళ్లలో గొర్రెలు మేపుకొన్నవానికిని ఏమి వచ్చును? పలకల దుమ్ము కడుగు నీరు, జలాశయములలో ఆవిరియగు నీరు ఎవరి వాటానుండి తీయుదురు? ఈ లెక్కలు పత్రములపై సంతకములకు ముందే గ్రామసభలలో చదివి వినిపింపవలయును. లండనులో వసూలగు రుసుములలో బీదదేశములకు న్యాయమైన పాలు కావలెనని మన ప్రతినిధులు కోరుట యుక్తమే. ఆ న్యాయమునే పాణ్యమునందును, మైలవరమునందును పాటింపవలదా?

నాటి కాలువ పత్రములను మనవారికెవరును చదివి వినిపింపలేదు. నేటి పత్రములను మన భూస్వాములును, పట్టణవాసులును చదువనేర్తురు. చదివి, అడిగి, పిమ్మట సంతకము చేయుదురుగాక యని మా ప్రార్థన.