అద్దాల మేడలో ఎండ కరువు

2025 నవంబరులో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో గుండె వైద్యుల పెద్ద సభలు జరిగాయి. టార్గెట్-డి అనే పరిశోధన ఫలితాలు అక్కడే బయటపెట్టారు. గుండెపోటు వచ్చి కోలుకుంటున్నవాళ్ల రక్తంలో విటమిన్ డి ఎంతుందో ఎప్పటికప్పుడు చూస్తూ, తక్కువైతే మోతాదు పెంచుతూ ఇచ్చారట. మళ్లీ గుండెపోటు రావడం సగానికి తగ్గిందట. ఆ వార్త మన వాట్సాప్ గ్రూపుల్లోకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. వెంటనే కొండాపూర్ నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు:

"నాది హైటెక్ సిటీలో ఉద్యోగం. పడమటి వైపు అద్దం పక్కనే నా సీటు. మూడు దాటిందంటే ఎండ మానిటర్ మీద పడి ఏమీ కనిపించదు. హెల్త్ చెకప్‌లో విటమిన్ డి 9 అని వచ్చింది. వారానికో 60కె సాచెట్ రాశారు. ఇంత ఎండలో కూర్చునేవాడికి డి ఎలా తగ్గుతుంది? గుండెకేమైనా ప్రమాదమా?"

గుండె సంగతి తర్వాత చూద్దాం. మొదటి ప్రశ్న మాత్రం వదలబుద్ధి కావడం లేదు.

పొట్టి జవాబు: ఆయన మీద పడుతున్నది ఎండలో ఒక భాగం మాత్రమే. విటమిన్ డి తయారు చేసేది 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న యూవీ-బి కిరణాలు. మామూలు కిటికీ అద్దం వాటిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. వెలుగు వస్తుంది, వేడి వస్తుంది, చర్మాన్ని నల్లబరిచే యూవీ-ఎ కూడా కొంత వస్తుంది, కావలసింది తప్ప. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న దగ్గర్నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ పొడుగునా మనం కట్టుకున్నవన్నీ అద్దాల మేడలే. ఇంటి నుంచి క్యాబ్‌లో బేస్‌మెంట్ పార్కింగ్‌కి, అక్కణ్నుంచి లిఫ్టులో సీటుకి వెళ్లేవాడికి యూవీ-బి తగిలే చోటేదీ?

ఇక పొడుగు జవాబు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

చర్మం పైపొరలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం ఉంటుంది. మనం భయపడే కొలెస్టరాల్‌కి స్వయానా ముందు మెట్టు. దాని అణువులో నాలుగు వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. యూవీ-బి తగలగానే రెండో వలయం కొక్కెం ఊడిన గొలుసులా తెరుచుకుంటుంది. అప్పుడు పుట్టేది ప్రీవిటమిన్ డి3. ఇంకా విటమిన్ కాలేదు! వెలుతురు పని ఇక్కడితో అయిపోయింది, మిగతాది ఒంటి వేడి చేయాలి. ఆ వేడికి అణువులోని ఒక హైడ్రోజన్ చోటు మారితే గానీ విటమిన్ డి3 తయారవదు. ఈ ప్రీవిటమిన్‌ని హెక్సేన్ ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర ఉంచితే సగం మారడానికి 30 గంటల దాకా పడుతుంది. అదే వేడి దగ్గర చర్మంలో రెండున్నర గంటలు చాలు. కణాల పొరల్లోని కొవ్వు ఆ అణువును సరైన వంపులో పట్టి ఉంచుతుంది మరి. గాజు సీసాలో బద్ధకంగా సాగే చర్య మన మోచేతి మీద చకచకా అయిపోతుంది. రసాయనశాస్త్రంలో నాకు ఇంతకన్నా ముచ్చటైన సంగతి ఇంకోటి తెలియదు.

అలాగని రోజంతా ఎండలో నిలబడితే డి పెరిగిపోతూ ఉంటుందా? ఉండదు. చర్మంలోని ముడిసరుకులో పది పదిహేను శాతం ప్రీవిటమిన్‌గా మారాక ఆ లెక్క ఇక పెరగదు. ఆపైన పడే ఎండ ప్రీవిటమిన్‌ని ల్యూమిస్టెరాల్‌గా, టాకీస్టెరాల్‌గా మార్చేస్తుంది. రెండూ డి పనికి రానివే. తయారైన డి3 చర్మంలోనే ఉండిపోతే దాన్నీ ఎండే విరగ్గొడుతుంది. అందుకే సాచెట్లు ఎక్కువ మింగి ఒళ్లు పాడుచేసుకున్నవాళ్లు ఉన్నారు గానీ ఎండ వల్ల విటమిన్ డి ఎక్కువై జబ్బు పడ్డవాళ్లు లేరు.

ఈ విషయంలో పెద్దపెద్దవాళ్లే బోల్తా పడ్డారు. ఉష్ణదేశాలవాళ్ల చర్మం నల్లగా ఉండేది విటమిన్ డి మితిమీరి విషం కాకుండా ఆపడానికేనని 1967లో లూమిస్ అనే శాస్త్రవేత్త 'సైన్స్' పత్రికలో రాశాడు. వినడానికి ఎంత బాగుందో! 1981లో హోలిక్ అనే పరిశోధకుడి బృందం అదే పత్రికలో దాన్ని పడగొట్టింది. తెల్లచర్మంలోనూ ప్రీవిటమిన్ ఆ పది పదిహేను శాతం దగ్గరే ఆగిపోతుందని, నల్లచర్మంలో అక్కడికి చేరడానికి ఎక్కువసేపు పడుతుందని, తేడా అంతేనని తేలింది. అంతకుముందు స్టెరాల్స్ (కొలెస్టరాల్ జాతి పదార్థాలు) మీద, వాటికీ విటమిన్లకూ ఉన్న సంబంధం మీద చేసిన పనికి 1928లో నోబెల్ అందుకున్న రసాయన శాస్త్రవేత్త విండాస్ తప్పు ఇంకా తమాషా. ఆయన బృందం విటమిన్ 'డి1' దొరికిందని ప్రకటించింది. తీరా చూస్తే అది డి2, ల్యూమిస్టెరాల్ కలిసిన మిశ్రమం. మందుల షాపులో డి2, డి3 దొరుకుతాయి, డి1 దొరకదు. కారణం ఇదే.

మన దగ్గర బోల్తా పడ్డది మాత్రం లేత ఎండ. "పొద్దున ఏడింటి ఎండలో కూర్చో, డి విటమిన్ వస్తుంది" అనని పెద్దవాళ్లు లేరు. తిరుపతిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్, హోలిక్‌తో కలిసి దీన్ని నేరుగా పరీక్షించారు. 7-డీహైడ్రోకొలెస్టరాల్ నింపి మూతి బిగించిన చిన్న గాజు గొట్టాలను ఉదయం నుంచి సాయంత్రం దాకా గంటగంటకీ ఎండలో పెట్టి, ఎంత మారిందో కొలిచారు. 2013లో అచ్చయిన ఆ ఫలితం ప్రకారం అసలు పని జరిగేది పదకొండు నుంచి రెండింటి మధ్య. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు కిరణాలు ఓజోన్ పొరలో చాలా దూరం అడ్డంగా రావాలి, దారిలోనే యూవీ-బి ఆవిరైపోతుంది. గుర్తు తేలిక: మీ నీడ మీకన్నా పొట్టిగా ఉంటేనే ఆ ఎండ పనికొస్తుంది. హైదరాబాద్‌లో డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా నీడ మనకన్నా పొట్టే. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో అయితే నిలువు కర్రకు నీడే ఉండదు. మన పాఠకుడి మానిటర్ మీద పడే సాయంత్రపు ఎండ అద్దం తీసేసినా పెద్దగా ఉపయోగపడదు.

ఆ హరినారాయణే ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సర్వేలో ఇంకో చిక్కు బయటపడింది. పట్టణాల్లో 62 శాతం మగవాళ్లకి, 75 శాతం ఆడవాళ్లకి డి లోపం ఉంది సరే. ఎండలో పొలం పనులు చేసే పల్లెల్లోనూ 44 శాతం మగవాళ్లకి, 70 శాతం ఆడవాళ్లకి ఉంది. తిండిలో కాల్షియం తక్కువ, గింజల్లో ఉండి కాల్షియాన్ని ఒంటపట్టనివ్వని ఫైటేట్ ఎక్కువ కావడంతో శరీరం డిని త్వరత్వరగా ఖర్చు చేసేస్తోందని ఆయన వివరణ. కాబట్టి నేరమంతా అద్దాల మీద తోసేయలేం.

ఇక గుండె. విటమిన్ డి పనిచేయని ఎలుకల్లో రెనిన్ అనే రసాయనం పెరిగి, రక్తపోటు పెరిగి, గుండె ఉబ్బిందని 2002లో చూపించారు. 2008లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరి పేరుతో సాగే పరిశీలనలో డి 15 కన్నా తక్కువ ఉన్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు 62 శాతం ఎక్కువని తేలింది. ఇంకేం, సాచెట్లు ఇస్తే సరి! వైటల్ అనే పరిశోధనలో 25,871 మందిని తీసుకుని, సగం మందికి రోజుకు 2,000 యూనిట్ల చొప్పున ఐదేళ్లకు పైగా ఇచ్చారు. గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. టార్గెట్-డిలో ఉన్నది 630 మందే. అందులో అసలు లెక్క మరణం, గుండెపోటు, పక్షవాతం, హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రి పాలు కావడం, ఇవన్నీ కలిపినది. అందులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. విడిగా చూస్తే తగ్గింది గుండెపోటు ఒక్కటే. పత్రికలు పట్టుకున్నది ఆ ఒక్కటే.

నా అభిప్రాయం: డి తగ్గడం గుండెజబ్బుకు కారణం అనే కంటే, రెండూ ఒకే జీవితం నుంచి పుట్టాయనడం సబబు. డి కొవ్వులో కరుగుతుంది. ఒంట్లో కొవ్వు పెరిగినకొద్దీ అందులోకి చేరిపోయి రక్తంలో తక్కువ కనిపిస్తుంది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద జాతీయ పోషకాహార సంస్థ 2023లో ప్రచురించిన అధ్యయనంలో 46 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ (నడుము కొలత, రక్తపోటు, చక్కెర, కొవ్వుల్లో కొన్ని కలిసి హద్దు దాటడం) ఉంది. వాళ్లు రోజుకు సగటున ఎనిమిది గంటలకు పైగా కూర్చునే ఉంటున్నారు. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆస్పత్రి కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను చూస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. గుండెకు చేటు చేసే కుర్చీ, డిని దూరం చేసే కుర్చీ ఒకటే. సాచెట్ రిపోర్టులో అంకెను మారుస్తుంది, కుర్చీలోంచి మనిషిని లేపదు.

మన పాఠకుడికి వచ్చిన 9 అంటే నిజంగానే తక్కువ. ఎముకల కోసమైనా డాక్టరు రాసింది వాడాలి, వారానికొకటి అన్నదాన్ని రోజుకొకటి చేయకుండా. కానీ ఆరోగ్యంగా ఉన్న పెద్దలందరికీ విటమిన్ డి పరీక్ష అక్కర్లేదని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2024లోనే చెప్పింది. మన చెకప్ ప్యాకేజీలవాళ్లకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. భోజన విరామం ఎలాగూ నీడ పొట్టిగా ఉండే వేళకే వస్తుంది. ఆ వేళకి జనమంతా ఏసీ ఫుడ్‌కోర్టులో ఉంటారు.