గంట పాఠానికి ఎన్ని గంటల పని?

ఆన్‌లైన్ కోర్సులో వందమంది పేరు నమోదు చేసుకుంటే చివరిదాకా చదివి పూర్తిచేసేది ముగ్గురు. హార్వర్డ్, ఎంఐటీలు ఎడెక్స్ వేదిక మీద నడిపిన కోర్సుల లెక్క ఇది. 2012 నుంచి 2018 దాకా జరిగిన కోటి ఇరవై ఏడు లక్షల నమోదులను జస్టిన్ రైక్, హోసే రుయిపెరెజ్ వలియెంటె పరిశీలించి, 2019 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. 2017-18లో కోర్సు పూర్తిచేసినవారు 3.13 శాతం. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో 52 శాతం మంది కోర్సు లోపలికే వెళ్లలేదు. డబ్బు కట్టి సర్టిఫికెట్‌కు సిద్ధపడ్డవాళ్లలో మాత్రం 46 శాతం పూర్తిచేశారు.

అనంతపురంలో జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటిలో, వీటి అనుబంధ కళాశాలల్లో చదివే పిల్లలకు ఈ అంకెలు ఇప్పుడు నేరుగా తగులుతాయి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ మీద చదివిన కోర్సులకు ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా క్రెడిట్లు ఇవ్వవచ్చని యూజీసీ 2021లో నిబంధన తెచ్చింది. 2016 నిబంధనలో అది 20 శాతమే. 20 క్రెడిట్ల సెమిస్టర్‌లో 8 క్రెడిట్లు ఇలా రావచ్చన్నమాట. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఎడెక్స్ కోర్సులను కూడా డిగ్రీ విద్యార్థులకు అందుబాటులోకి తెచ్చింది. ఆన్‌లైన్ కోర్సు మధ్యలో ఆగితే ఇప్పుడు ఆగేది మార్కుల జాబితా.

పిల్లలు ఎందుకు ఆపేస్తారని అడిగితే నెట్‌వర్క్ లేదు, ఫోన్ లేదు అన్న జవాబు వస్తుంది. ఒకప్పుడు అది చాలావరకు నిజం. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో 4.4 శాతం ఇళ్లలో కంప్యూటర్, 14.9 శాతం ఇళ్లలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్నాయి. ఆ తర్వాత చేతికి పరికరాలు వచ్చాయి. 2022 డిసెంబరులో మన రాష్ట్రం ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. ట్యాబ్‌లు లెక్కపెట్టాం. వాటి లోపలి పాఠాన్ని రూపొందించే మనుషులను ఎవరూ లెక్కపెట్టలేదు. ఈ కథనం వాళ్ల గురించే.

వాళ్లను ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ అనో, లెర్నింగ్ డిజైనర్ అనో పిలుస్తారు. అధ్యాపకుడికి విషయం తెలుసు, కెమెరామన్‌కు చిత్రీకరణ తెలుసు. ఏ వారం ఏది నేర్పాలి, ఎక్కడ ఆపి ప్రశ్న అడగాలి, వెనకబడ్డ పిల్లవాడు మళ్లీ ఎక్కడినుంచి అందుకోవాలి అన్నది తేల్చేది ఈ డిజైనర్. అమెరికాలో చాప్‌మన్ అలయన్స్ అనే సంస్థ 2010లో ఈ పనికి ఎంత సమయం పడుతుందో ఒక సర్వే చేసింది. మామూలు తరగతిలో చెప్పే గంట పాఠానికి సగటున 43 గంటల తయారీ. అతి సాదా ఆన్‌లైన్ గంటకు 79 గంటలు. మధ్యమధ్య ప్రశ్నలు, అభ్యాసాలు చేర్చిన గంటకు 184. సిమ్యులేషన్లు, ఆటలతో కూడినదానికి 490.

దీన్ని మన కోర్సుకు వర్తింపజేసి చూద్దాం. ‘స్వయం’ వేదిక మీద కోర్సులు నడిపే ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు. వారానికి రెండున్నర గంటల వీడియో చొప్పున మొత్తం 30 గంటలు. సాదాగా చేసినా 2,370 పనిగంటలు. రోజుకు 8 గంటల చొప్పున ఒక మనిషికి 296 రోజులు. కాస్త మెరుగ్గా, 184 లెక్కన చేస్తే 5,520 గంటలు. అంటే 690 పనిరోజులు. ఆరుగురు కలిసి కూర్చుంటే 115 రోజుల్లో తేలే పని. మన కళాశాలల్లో దీన్ని చాలాసార్లు ఒక అధ్యాపకుడికి, తరగతులు, ఇన్విజిలేషన్, అడ్మిషన్ల డ్యూటీ పోగా మిగిలిన సాయంత్రాల్లో చేయమని అప్పగిస్తారు. అలా తయారైన వీడియో చివరికి తరగతి గదిలో యాభై నిమిషాలు చెప్పినదానికి రికార్డింగే అవుతుంది. తప్పు ఆ అధ్యాపకుడిది కాదు.

యాభై నిమిషాల వీడియో ఎందుకు పనికిరాదో కూడా అంకెలే చెబుతున్నాయి. ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ 2014లో ఎడెక్స్ వేదిక మీద 862 వీడియోలను, 69 లక్షల వీక్షణలను విశ్లేషించారు. వీడియో ఎంత పొడుగున్నా విద్యార్థి మధ్యస్థంగా చూసేది 6 నిమిషాలకు మించడం లేదని తేలింది. అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. ఆ మొత్తం సరిగ్గా కురిసిన ఏడు కూడా వేరుశనగ ఊడలు దిగే వేళ చినుకు పడకపోతే పంట చేతికి రాదని ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. పాఠం కూడా అంతే, 30 గంటలు ఉండటంతో సరిపోదు. అడగాల్సిన ప్రశ్న ఆరో నిమిషంలో రావాలి.

డేటా కూడా డిజైనరే లెక్కవేయాలి. సెకనుకు 1000 కిలోబిట్ల నాణ్యతతో గంట వీడియో చూస్తే 450 ఎంబీ ఖర్చు. 30 గంటలకు 13.5 జీబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్న ఇంట్లో అది తొమ్మిది రోజుల డేటా మొత్తం. 300 కిలోబిట్లకు కుదిస్తే 4 జీబీ. మాట మాత్రమే, 48 కిలోబిట్ల ఆడియోగా ఇస్తే 648 ఎంబీ. బొమ్మ అవసరమైన చోట బొమ్మ, మాట సరిపోయే చోట మాట ఇచ్చే కోర్సు ఒకే ఫోన్ మీద ఇద్దరు ముగ్గురు చదువుకునే ఇంట్లోనూ నడుస్తుంది.

మంచి డిజైన్ ఎలా ఉంటుందో చెప్పడానికి ఎన్‌పీటెల్ మార్కుల పద్ధతే ఉదాహరణ. 12 వారాలకు 12 అసైన్‌మెంట్లు ఉంటే ఎక్కువ మార్కులొచ్చిన ఎనిమిదింటినే లెక్కలోకి తీసుకుంటారు. వాటికి 25 మార్కులు, చివరి పరీక్షకు 75. సర్టిఫికెట్‌కు మొదటిదాంట్లో 10, రెండోదాంట్లో 30 రావాలి. ఆ ‘పన్నెండులో ఎనిమిది’ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నాలుగు వారాలు తప్పినా విద్యార్థి బయటపడిపోకుండా పట్టుకునేది అదే. జులైలో మొదలయ్యే సెమిస్టర్ సరిగ్గా వేరుశనగ విత్తనంతో మొదలై, కోతల వేళకు పరీక్షకు చేరుతుంది. చేను ఉన్న ఇంటి పిల్లలకు ఆ నాలుగు వారాల వెసులుబాటు ఎంత అవసరమో వేరే చెప్పాలా? చివరి పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్లే రాయాలి. దాని ఫీజు చాలాకాలంగా 1000 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలి 300. మూడు రోజుల కూలి కన్నా ఎక్కువన్నమాట.

డిజైన్ ఎంత బాగున్నా పక్కన మనిషి లేకపోతే కోర్సు నిలబడదు. దీనికి పొలం నుంచే సాక్ష్యం ఉంది. పొరుగున కర్ణాటకలో డిజిటల్ గ్రీన్ పేరుతో 16 గ్రామాల్లో 13 నెలలు ఒక ప్రయోగం జరిగింది. రైతులే నటించిన చిన్న వీడియోలను ఊళ్లో ఒకరు ప్రదర్శించి, మధ్యలో ఆపి, చూసినవాళ్లతో మాట్లాడించారు. పాత విస్తరణ పద్ధతితో పోలిస్తే కొత్త సాగు పద్ధతులు చేపట్టినవారు ఏడు రెట్లు పెరిగారు. పెట్టిన ప్రతి డాలరుకు ఫలితం కనీసం పది రెట్లు. నా దృష్టిలో ఆ ఫలితంలో వీడియోకెంత వాటా ఉందో, దాన్ని ఆపి మాట్లాడించిన మనిషికీ అంతే ఉంది.

ఆన్‌లైన్ డిగ్రీలకు యూజీసీ 2020 నిబంధనల ప్రకారం 250 మంది విద్యార్థులకు ఒక కోర్సు మెంటర్ ఉండాలి. ఒక్కొక్కరికి వారానికి 10 నిమిషాలు కేటాయిస్తే 2,500 నిమిషాలు, దాదాపు 42 గంటలు. ఒక మనిషి వారం పని మొత్తం అందులోనే పోతుంది. మెంటర్‌కు 40 మందినే ఇస్తే అదే పని ఆరు గంటల నలభై నిమిషాల్లో అవుతుంది.

ఇదంతా తెలుగు నేలకు కొత్త కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టు 26న హైదరాబాదులోనే పుట్టింది. దాని మొదటి వైస్ చాన్సలర్ జి.రామిరెడ్డి, 1985లో ఇగ్నోకూ తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. పాఠాన్ని ఒక్కరు కాక బృందం రాయాలని, ఊరికి దగ్గరలో అధ్యయన కేంద్రం, అందులో సందేహాలు తీర్చే కౌన్సెలర్ ఉండాలని ఆ వ్యవస్థ తొలినాళ్లలోనే గుర్తించింది. 2008లో రాజ్ రెడ్డి తొలి చాన్సలర్‌గా మొదలైన ట్రిపుల్ ఐటీల్లోనూ ల్యాప్‌టాప్, రికార్డు చేసిన పాఠాలతో పాటు తరగతిలో మెంటర్ ఉండేలా చూశారు. ఇడుపులపాయ క్యాంపస్ మన సీమలోనే ఉంది.

కాబట్టి అనంతపురం విశ్వవిద్యాలయాలు ఈ పనికి శాశ్వత పోస్టులు పెట్టాలి. మూడింటికీ కలిపి ఆరుగురు డిజైనర్ల బృందం ఉన్నా, పైన వేసిన లెక్క ప్రకారం ఏడాదికి రెండు మంచి కోర్సులు, అదీ తెలుగులో, తయారవుతాయి. మీ పిల్లలు ఏదైనా ఆన్‌లైన్ కోర్సులో చేరుతున్నారా? ఫీజు కట్టేముందు కళాశాలను రెండు సంగతులు అడగండి: కిందటిసారి ఎంతమంది చేరి ఎంతమంది పూర్తిచేశారు, మా అబ్బాయికో అమ్మాయికో సందేహం వస్తే ఫోన్ ఎత్తే మెంటర్ ఎవరు.